నువ్వుల ముద్ద

బట్టలు నానబెట్టే ముందు నారెత్ ఒక్కో చొక్కా మెడపట్టీ లోపల ఒక రంగు దారం కుట్టేది. మూడో గదికి ఎరుపు, నాలుగుకు నీలం, ఏడుకు పచ్చ. గెస్ట్‌హౌస్‌లో దిగే వీపుసంచీల తెల్లవాళ్ళ బట్టలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఒకే బజారులో కొన్న ఏనుగుబొమ్మల పైజామాలు, ఒకే బీరు పేరున్న బనియన్లు. దారం లేకపోతే సాయంత్రం మడతపెట్టిన గుట్ట దగ్గర గొడవ. ఒకడు వేలుపెట్టి చూపించి ‘నాది’ అంటాడు, పక్కవాడు ‘కాదు, నాది’ అంటాడు. వాళ్ళ భాషలో నారెత్‌కు తడుముకోకుండా వచ్చిన మాట అదొక్కటే.

గెస్ట్‌హౌస్ వెనక, చెరువులోకి కట్టిన చెక్కల అరుగు మీద ఆమె పని. నాలుగు తొట్లు, ఒక రుద్దుడు బల్ల, తల పైన ఆరేసే తాళ్ళు. నొమ్‌పెన్ నగరం చుట్టుపక్కల ఎవరు ఎటు వెళ్ళొచ్చారో ఆమె మట్టిని చూసి చెప్పేసేది. కాళ్ళ అంచుల్లో ఎర్రదుమ్ము ఉంటే చంపినవాళ్ళను పూడ్చిన ఎముకల పొలం దారిలో వెళ్ళినట్టు. బూడిదరంగు ఒండ్రు ఉంటే పట్టు నేసేవాళ్ళ లంకకు. చంకల్లో మందుగుండు వాసన వస్తే డబ్బిస్తే తుపాకులు కాల్చనిచ్చే మైదానానికి. చొక్కా భుజాల మీద, నడుం దగ్గర, చిన్న చిన్న వేళ్ళ మరకలుంటే మాత్రం వాళ్ళు అనాథ పిల్లల ఇంటికి వెళ్ళొచ్చినట్టు. అలాంటి చొక్కాలను ఆమె చివరి తొట్టి దాకా ఉంచేది. ఉతకక తప్పదు కాబట్టి ఉతికేది.

పితృపక్షంలో పదకొండో రోజు, ఏడో గది అమ్మాయి చొక్కా మీద అలాంటి మరకలే కనిపించాయి. జేబు తిరగేస్తే దారాల కంకణం ఒకటి జారి పడింది. నారెత్ దాన్ని తడిచేత్తో తీసుకుని, వెలుతురుకు పెట్టి చూసింది. పసుపు, నలుపు. ముడులన్నీ ఎడమకు తిరిగి ఉన్నాయి. పిల్లల ఇంట్లో ఇరవై రెండు మంది పిల్లలు అలాంటి కంకణాలు అల్లి వచ్చినవాళ్ళ చేతులకు కడతారు. ఎడమచేత్తో అల్లేది ఒక్కతే.

“మళ్ళీ పంపిందా నీ కూతురు ఉత్తరం?” వంటగది గుమ్మంలో కూర్చుని అరటాకులు తుడుస్తున్న హున్ పెద్దమ్మ కేకేసింది. పండగకు చెయ్యాల్సిన అరటాకు బూరెలు నూట యాభై. ఆమెకు డెబ్బై దాటాయి. కళ్ళు సగమే పనిచేస్తాయి, చెవులు మాత్రం రెండింతలు.

“గట్టిగా అనకు పెద్దమ్మా.”

“ఎవడికి అర్థమవుతుందే మన మాట? వాళ్ళకి ‘ఎంత’ అనడం, ‘తగ్గించు’ అనడం రెండే వచ్చు.”

నారెత్ కంకణాన్ని ఆరబెట్టలేదు. లుంగీ ముడిలో దోపుకుంది. ఇంక మూడు రోజులు. పద్నాలుగో రోజు పొద్దున పిల్లను పంపిస్తానని పిల్లల ఇల్లు నడిపే మాస్టారు సంబాత్ మాటిచ్చాడు. పడవలో ప్రేవెంగ్ వైపు తమ ఊరికి వెళ్ళి, అక్కడి బౌద్ధ విహారంలో చనిపోయిన వాళ్ళ నాన్నకు ముద్ద పెట్టి, అమావాస్య మర్నాడు తిరిగి రావాలి. విహారానికి తెల్లజాకెట్టు వేసుకోవాలి కదా అని నెల రోజులుగా తీరిక దొరికినప్పుడల్లా కుట్టి, నిన్ననే బొత్తాలు కూడా వేసింది. అలవాటుకొద్దీ మెడపట్టీ లోపల దారం కూడా కుట్టింది. ఏ గదికీ వాడని రంగు, తెలుపు.

ఏడో గది అమ్మాయి మధ్యాహ్నానికి తానే అరుగు మీదికి వచ్చింది. పేరు మారిట్. నార్వే అట. ఎండకు తోలు ఊడిన ముక్కు, వెంట్రుకలకు చెరువు వాసన. మణికట్టు చూపించి, జేబు చూపించి, రెండు చేతులూ ఖాళీగా తిప్పింది. నారెత్ కాసేపు చూసి లుంగీ ముడి విప్పి కంకణం ఇచ్చింది. ఆ అమ్మాయి దాన్ని గుండెకు హత్తుకున్న తీరు చూస్తే, ఇవ్వకుండా ఉండవలసిందేమో అనిపించింది.

“వుతీ!” అని మారిట్ పిలిచింది. గేటు దగ్గర ఆటోలో కాళ్ళు బారజాపి పడుకున్న వుతీ లేచి వచ్చాడు. వాడి ఆటోకు ప్లాస్టిక్ తొడిగిన ఒక పటం వేలాడుతూ ఉంటుంది. పుర్రెలు, తుపాకులు, మగ్గం, నవ్వుతున్న పిల్లలు. ఏ బొమ్మ మీద వేలు పెడితే అక్కడికి తీసుకెళ్తాడు.

“ఈవిడ నీకు ఫొటోలు చూపిస్తుందట,” అన్నాడు వుతీ, నారెత్ కళ్ళలోకి చూడకుండా. “పిల్లల ఇంటివి. విహారానికి తీసుకెళ్ళారట నిన్న పొద్దున.”

కెమెరా వెనక చిన్న తెర. నారెత్ చేతులు తుడుచుకుని వంగింది. తెల్లజాకెట్లలో పిల్లలు వరసగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. ముందు వరసలో, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, తొమ్మిదేళ్ళ పిల్ల. ఎడమచేత్తో అన్నం ముద్ద పట్టుకుంది. మెడ సన్నబడింది. జుట్టు ఎవరో కత్తిరించారు.

మారిట్ ఏదో చెప్పింది. వుతీ మెడ గోక్కున్నాడు. “ఈ పిల్లకి అమ్మా నాన్నా ఇద్దరూ లేరట. వరదలో పోయారని ఆ పిల్లే చెప్పిందట. చనిపోయినవాళ్ళ పేర్లు విహారంలో తంతు జరిపించే ఆచారి చదువుతుంటే ఒక్కో ముద్దా తీసి పెట్టారట.” గొంతు తగ్గించి, “నేనేం చెయ్యను, ఆవిడ అన్నదే చెబుతున్నా,” అన్నాడు.

“పాప ఏడ్చిందా? అడుగు.”

అడిగాడు. మారిట్ తల అడ్డంగా ఊపి, తన కళ్ళకింద వేళ్ళతో గీతలు గీసి చూపించింది. “ఆ పిల్ల ఏడవలేదట. తనే ఏడ్చిందట.”

తరవాతి ఫొటోలో అట్టకు అంటించిన కాగితం. దాని మీద పేర్లు. మారిట్ అదేదో నొక్కితే అక్షరాలు పెద్దవయ్యాయి. నారెత్ చదువు బడిలోది కాదు. సబ్బు పొట్లాల మీద, మందుసీసాల మీద కూడబలుక్కుని నేర్చుకున్నది. పెదవులు కదుపుతూ ఒక్కో పేరూ చదివింది. మొదటిది ఎవరో ముసలాయన. రెండోది తన భర్త పేరు. అది ఉండవలసిందే. మూడోది చదివి మళ్ళీ మొదటినుంచీ చదివింది, తప్పు చదివానేమోనని.

కెవ్ నారెత్.

“ఆ పిల్ల నీకు తెలుసా అని అడుగుతోంది,” అన్నాడు వుతీ.

నారెత్ తొట్టిలోకి చూసింది. నురగ విరిగిపోతోంది. “తెలీదని చెప్పు,” అంది.

ఆ సాయంత్రం దారాలన్నీ తారుమారయ్యాయి. నీలం బట్టలు మూడో గదికి, ఎర్రవి ఏడుకు వెళ్ళాయి. గుట్ట దగ్గర అరగంట సేపు ‘నాది, నాది’ అని కేకలు.

మర్నాడు పొద్దున బియ్యం జావ తాగుతూ ఆమె హున్ పెద్దమ్మకు చెప్పింది. పెద్దమ్మ గరిటె కింద పెట్టేసింది.

“బతికున్నదాని పేరు చచ్చినవాళ్ళలో చదివించారా? ఎన్నిసార్లు?”

“తెలీదు. పోయినేడు పండగకి నాకు జ్వరం వచ్చింది, గుర్తుందా?”

“జ్వరం ఆ బావి నీళ్ళకి వచ్చింది.” అన్నదే కానీ పెద్దమ్మ మొహంలో ధైర్యం లేదు. వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. “ఏ వేళప్పుడు పెట్టించారు ముద్దలు?”

“తొమ్మిదింటికట. ఈ తెల్లవాళ్ళు లేచేసరికి ఆ వేళవుతుందిగా.”

“అదీ సంగతి! ముద్దలు తెల్లారకముందే వెయ్యాలి. సూదిబెజ్జం నోళ్ళున్న ప్రేతాలు ఎండలో వస్తాయా? ఎండలో పెట్టింది కాకులు తింటాయి. అంచేత నువ్వు ఇంకా పూర్తిగా చావలేదు.” తన మాటకు తానే నవ్వింది పెద్దమ్మ. “నేను ముప్ఫై ఏళ్ళుగా మా ఆయనకి పెడుతున్నా, తింటున్నాడో లేదో ఒక్కరోజు కబురు లేదు. నీకు బతికుండగానే వేడివేడిగా పెట్టారు. అదృష్టవంతురాలివి.”

నారెత్ నవ్వలేదు. జావలో ఎండుచేప ముక్క ఒకటే తేలుతోంది. దాన్ని అటూ ఇటూ తిప్పి వదిలేసింది.

“ఆ మాస్టారే రాసుంటాడు,” అంది.

“వాడు కాక ఎవరు? వెళ్ళి అడుగు. పేరు కొట్టెయ్యమను. కాళ్ళు మాత్రం పట్టుకోకు.”

పిల్లల ఇంటి దాకా వుతీయే ఆటోలో తీసుకెళ్ళాడు. గేటు దగ్గర ఆపి, “నన్ను తిట్టుకోకు చెల్లీ,” అన్నాడు. “నేను తీసుకురాకపోతే ఇంకోడు తెస్తాడు.”

“పటంలో మా పాప బొమ్మ ఎప్పటినుంచీ ఉందన్నా?”

“నాకు ఇచ్చింది పెట్టుకున్నా,” అన్నాడు వుతీ. ఆటో నీడలోకి తోసుకుంటూ వెళ్ళాడు.

మాస్టారు సంబాత్ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఎప్పుడూ మర్యాదస్తుడే. కుర్చీ వేయించి, మంచినీళ్ళిప్పించి, కిటికీ బయట పెరట్లో బుడగలు ఊదుతున్న ఇద్దరు తెల్లవాళ్ళ వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేశాడు. ఈ ఇంట్లో పిల్లలందరూ అతన్ని నాన్నగారూ అంటారు. నారెత్‌ను మాత్రం పిన్ని అంటారు. నెలకొక ఆదివారం, వెనక గేటు నుంచి, పిన్నిగా వచ్చి చూసిపోవాలన్నది చేర్చుకున్నప్పుడే పెట్టిన షరతు.

“పేర్లు నేను రాయలేదు నారెత్,” అన్నాడు అతను అంతా విని. “ఎవరికి పెట్టుకోవాలనుకుంటే వాళ్ళ పేర్లు చెప్పండని పిల్లల్నే అడిగాను. చెప్పిన పేర్లు ఆచారికిచ్చాను. నీ పేరు నీ కూతురే చెప్పింది.”

“అబద్ధం.”

అతనికి కోపం రాలేదు. లేచి తలుపు తీసి, “పిసేయ్, ఇలా రా తల్లీ,” అని పిలిచాడు. “మీ పిన్ని వచ్చింది.” పిల్ల లోపలికి రాగానే తను బయటికి వెళ్ళిపోయాడు.

పిసేయ్ చేతులు జోడించి వంగింది. “బావున్నారా పిన్నీ?”

“ఇక్కడెవరూ లేరుగా.”

“అలవాటు తప్పితే తర్వాత నోరు జారుతుంది.” పిల్ల కిటికీ వైపు చూసింది. “ఇవాళ ఆదివారం కాదుగా. ఎందుకొచ్చావు?”

పిల్ల మోకాలి మీద గజ్జి మచ్చకు ఊదారంగు మందు రాసి ఉంది. నారెత్ దాన్ని చూస్తూ, “విహారంలో నా పేరు నువ్వే చెప్పావా?” అంది.

“ఊఁ.”

“ఎందుకే?”

“ఆచారి తాత చెప్పాడు. పేరు చదివి ముద్ద పెడితే ఎంత దూరంలో ఉన్నవాళ్ళకైనా అందుతుందట. మధ్యలో నది ఉన్నా సరే.”

“అది చచ్చిపోయినవాళ్ళకమ్మా.”

“బతికున్నవాళ్ళకి ఎలా పంపాలో ఎవరూ చెప్పలేదు.” పిల్ల గొంతులో తప్పు చేసిన జాడ లేదు. లెక్క సరిగ్గా చేసి, పలక చూపిస్తున్నట్టుగా చెప్పింది. “మాకిక్కడ వాళ్ళు వచ్చిన రోజు కోడికూర పెడతారు. నువ్వక్కడ జావే తాగుతావుగా. అందుకని నీ ముద్దలో నువ్వులు ఎక్కువ వేశాను. రెండేళ్ళూ వేశాను. అందలేదా?”

బయట బుడగ ఒకటి పగిలింది. పిల్లలందరూ కెవ్వుమని నవ్వారు.

“అందింది,” అంది నారెత్.

“నాకు తెలుసు. పోయినసారి వచ్చినప్పుడు నీ బుగ్గలు కాస్త నిండుగా ఉన్నాయి.”

నారెత్ పిల్ల చెయ్యి పట్టుకుంది. వేళ్ళ కొసలు దారం లాగి లాగి గట్టిపడ్డాయి. తనవి సబ్బుకు పగిలిపోయాయి. “ఎల్లుండి మనం ఊరెళ్తున్నాం. నీకు తెల్లజాకెట్టు కుట్టాను.”

“నాన్నగారు నీకు చెప్పలేదా? ఎల్లుండి ముప్ఫైమంది వస్తున్నారు, పండగ చూడ్డానికి. నేను ముందు వరస. ఎవర్నీ పంపరు. నాకు ఏడుపు రాదు. చిన్నది స్రేనీ ఉందిగా, దానికి వస్తుంది. అందుకే దానికి బొమ్మ ఇచ్చారు,” అంది.

“నీకు రావాలని లేదా, ఊరికి?”

పిసేయ్ బొటనవేలితో నేల మీద గీసింది. జవాబు చెప్పేలోగా తలుపు తెరుచుకుంది.

“నేనెవర్నీ బంధించలేదు,” అన్నాడు సంబాత్, పిల్ల వెళ్ళిపోయాక. “గేటుకు తాళం లేదు. తీసుకెళ్తానంటే తీసుకెళ్ళు. కానీ వెళ్ళిన పిల్లకు మళ్ళీ ఇక్కడ చోటుండదు. నాలుగో తరగతి చదువుతోంది. ఇంగ్లీషు నాకంటే బాగా మాట్లాడుతోంది. నీతో వస్తే ఏం నేర్పుతావు? సబ్బునురగా?” ఆ మాట మెత్తగానే అన్నాడు. “అమ్మ ఉందని తెలిస్తే ఎవరొస్తారు చెప్పు? ఎవరూ రాకపోతే ఈ ఇరవై రెండు మందికీ అన్నం ఎవరు పెడతారు? ఆలోచించుకో. ఎల్లుండి మాత్రం రాకు.”

వచ్చేటప్పుడు పెరట్లో పిసేయ్ ఒక తెల్లవాడి వీపు మీద గుర్రం ఎక్కి ఉంది. తల్లిని చూసి చెయ్యి ఊపింది. “వెళ్ళొస్తారా పిన్నీ!” అని అందరికీ వినిపించేలా అరిచింది.

పదమూడో రోజంతా వాన ముసురు. బట్టలు ఆరలేదు. నారెత్ పొయ్యి సెగకు ఒక్కో చొక్కా పట్టుకుని నిలబడింది. సంగతంతా విన్న హున్ పెద్దమ్మ బూరెలకు తాళ్ళు కట్టింది.

“పాప మీద కోపం వచ్చిందా?”

“లేదు.”

“మరి ఆ మాస్టారి మీద?”

“అతను చెప్పింది అబద్ధం కాదుగా. నేనేం నేర్పుతాను?”

“నేర్పేది తర్వాత. ముందు నువ్వు ఇటువైపుకి రావాలి.” పెద్దమ్మ పళ్ళతో తాడు తెంపింది. “పసిపిల్ల మనసుపెట్టి చెప్పిన పేరు ఊరికే పోదు. రేపు నీ పేరు చదివినప్పుడు నువ్వక్కడుండి ‘ఉన్నాను’ అనాలి. అనకపోతే పేరు అటువైపే ఉండిపోతుంది.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరూ చెప్పలేదు. నాకలా అనిపిస్తోంది.”

“గట్టిగా అనాలా?”

“మెల్లిగా అన్నా చాలు. పిలిచినవాళ్ళకి వినిపించక్కర్లేదు. నీకు వినిపిస్తే చాలు.”

అంతే అనుకుని పద్నాలుగో రోజు విహారానికి వెళ్ళింది నారెత్. గుమ్మం పక్కన నిలబడి, మెల్లిగా ఒక్క మాట అనేసి, పిల్ల చూడకముందే వచ్చేయాలి. తెల్లజాకెట్టు మాత్రం సంచీలో పెట్టుకుంది. ఎందుకని ఎవరైనా అడిగితే తనే చెప్పలేకపోయేది.

విహారం చెప్పులతో నిండిపోయింది. రబ్బరు చెప్పులు ఒకవైపు, తాళ్ళూ పట్టీలూ ఉన్న పెద్ద పెద్ద చెప్పులు ఒకవైపు. లోపల అగరుపొగ. గోడ పక్కన కూర్చున్న చుట్టుపక్కల ఇళ్ళ ముసలమ్మలు, మధ్యలో తెల్లజాకెట్ల పిల్లలు, స్తంభాల దగ్గర కెమెరాలతో వీపుసంచీల వాళ్ళు. కొందరు కాళ్ళు బుద్ధుడి వైపు చాపి కూర్చుంటే సంబాత్ ఒంగి ఒంగి సర్దుతున్నాడు. మారిట్ గుమ్మం దగ్గరే ఉంది. సాయంత్రం బస్సుకు సముద్రం వైపు వెళ్ళిపోతోందట. సంచీ కూడా తెచ్చుకుంది. నారెత్‌ను చూసి ఆశ్చర్యపోయి, నవ్వి, మణికట్టు మీది కంకణం ఎత్తి చూపింది.

ఆచారి తెల్లపంచెలో, మైకు ముందు, కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చి చదవసాగాడు. గుడి బయటి చెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకరు ప్రతి పేరునూ వీధి చివరదాకా మోసుకుపోతోంది. ఒక్కో పేరుకు ఒక పిల్లో పిల్లాడో ముద్ద తీసి పళ్ళెంలో పెట్టడం, దణ్ణం పెట్టడం. ఎక్కడా ఆగడం లేదు. తద్దినపు రోజున బ్రాహ్మడు తొందరపడినట్టు, భిక్షువుల భోజనానికి వేళ మించిపోతుందని చదివేస్తున్నాడు.

స్రేనీ పేర్లు వచ్చాయి. ఆరేళ్ళ స్రేనీ వెక్కివెక్కి ఏడ్చింది. కెమెరాలు అటు తిరిగాయి.

తర్వాత నారెత్ భర్త పేరు. పిసేయ్ చిన్న ముద్ద పెట్టింది. తర్వాత ముద్ద తీయబోయే ముందు పళ్ళెం అంచున ఉన్న గిన్నెలోంచి చిటికెడు నువ్వులు తీసి, ముద్ద మీద అద్ది, వేళ్ళతో నొక్కింది. ఇంకో చిటికెడు తీసింది. ఎవరూ చూడకుండా, గబగబా.

“కెవ్ నారెత్.”

నారెత్ నోరు తెరిచింది. ఆచారి వేలు కాగితం మీద తర్వాతి గీతకు జారుతోంది. అది చూసి ఆమెకు భయం వేసింది. పడవ ఒడ్డు వదిలేటప్పుడు పుట్టే భయం లాంటిది.

“ఉన్నాను!”

అనుకున్నదానికంటే చాలా గట్టిగా వచ్చింది. మైకులో పడి బయట వీధిలో కూడా వినిపించింది.

ఆచారి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. “ఎవరమ్మా?”

“కెవ్ నారెత్‌ని. నేనే. ఉన్నాను.”

ముసలమ్మలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. “బతికున్నదాని పేరా? ఎవరు రాశారే ఈ పాపం?” అని ఒకావిడ పైకే అంది. సంబాత్ నవ్వుమొహంతోనే తెల్లవాళ్ళ వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో మెత్తగా చెప్పాడు. వాళ్ళు జాలిగా తలలూపారు. ఒక కుర్రవాడు తన సంచీ విప్పి, నారెత్ వైపు బిస్కట్ల పొట్లం చాపాడు.

ఆమె దాన్ని తీసుకోలేదు. భిక్షువుల ముందు ఎలా వెళ్ళాలో అలాగే మోకాళ్ళ మీద, చాపల మీదుగా, వంగి పళ్ళెం దాకా వెళ్ళింది. ముద్ద ఇంకా పిసేయ్ చేతిలోనే ఉంది. పిల్ల ఒకసారి నాన్నగారి వైపు చూసింది, ఒకసారి తల్లి వైపు. నారెత్ ఆ చేతిలోంచి ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది.

“అయ్యో, ప్రేతాల కూడు! ఉమ్మెయ్యవే, ఉమ్మెయ్యి!” అని ముసలమ్మ నెత్తి కొట్టుకుంది.

అన్నం చల్లగా, గట్టిగా ఉంది. నమలడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ పిసేయ్ కళ్ళు ఆ నోటి మీదే ఉన్నాయి.

“నువ్వులు తగిలాయా?” అంది గుసగుసగా.

నారెత్ తలూపింది.

పిల్ల పళ్ళెంలోంచి రెండో ముద్ద తీసింది. అది ఎవరిదో, ఏ పేరుదో. దాని మీద కూడా నువ్వులు అద్దింది. “ఇంకోటి తిను అమ్మా,” అంది. ఈసారి గుసగుసగా కాదు.

సంబాత్ వచ్చి పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దూరం నుంచి చూస్తే ఓదారుస్తున్నట్టే ఉంటుంది. “తీసుకుపో,” అన్నాడు పెదవులు కదపకుండా. “ఇప్పుడే. మళ్ళీ గేటు దగ్గరికి రావద్దు. ఆ జాకెట్టు ఇంటిది, అది ఉంచు.”

పిసేయ్‌కు అది వినిపించింది. తనే బొత్తాలు విప్పి, లోపలి బనియనుతో నిలబడి, జాకెట్టును చేతులు లోపలికి మడిచి, గెస్ట్‌హౌస్ అరుగు మీద తల్లి మడిచినట్టే మడిచి, పళ్ళెం పక్కన పెట్టింది. నారెత్ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వంగి వెనక్కి వెనక్కి నడిచారు.

గుమ్మం దగ్గర మారిట్ కెమెరా సగం ఎత్తి పట్టుకుని ఉంది. నారెత్ ఆగింది. పిల్ల భుజం మీద వేలు పెట్టి, ఆ అమ్మాయి భాషలో, “నాది,” అంది.

మారిట్ పిల్లనూ తల్లినీ మార్చి మార్చి చూసింది. కెమెరా దించింది. మణికట్టు మీది కంకణం విప్పబోయి, ముడి రాక, అలాగే ఉండిపోయింది.

లోపల ఆచారి గొంతు సవరించుకుని తర్వాతి పేరు చదివాడు. వరసలో ఉన్న పిల్లలందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశారు. ఎవరూ పలకలేదు. ఇంకో పేరు చదివాడు. మళ్ళీ తిరిగి చూశారు. స్రేనీ ఏడుపు మానేసి, ముద్ద చేతిలోనే పట్టుకుని, మెడ చాచి చూస్తోంది.

నారెత్ ఆ తర్వాత వెనక్కి చూడలేదు.

బయట ఆగి ఉన్న వుతీ ఆటోలో కూర్చున్నాక సంచీలోంచి జాకెట్టు తీసి పిల్లకు తొడిగింది. చేతులు మోచేతి కిందికే వచ్చాయి. బొత్తాలు గుండె దగ్గర నాలుగు వేళ్ళ ఎడంలో ఆగిపోయాయి. ఎంత లాగినా కలవలేదు. కొలత ఎవర్నీ అడగలేదు తను. గుర్తున్నంతలో కుట్టింది. గుర్తున్నది పిల్లల ఇంట్లో చేర్చిన నాటి ఏడేళ్ళ పిల్ల.

“ఊపిరి బిగబడతాను, అప్పుడు పట్టుకో,” అంది పిసేయ్. పొట్ట లోపలికి లాక్కుంది. అయినా కలవలేదు. “పోనీలే. కుట్లు విప్పి పక్కన గుడ్డ వేద్దువుగాని. రేపట్నుంచి బడి ఉండదా అమ్మా?” అంది.

“చూద్దాం.”

“మరి నీకు ముద్ద ఎవరు పంపుతారు?”

నారెత్ తెరుచుకున్న జాకెట్టు రెండు అంచులూ ఒక చేత్తో దగ్గరికి పట్టుకుంది. పటం ఉన్నచోటే ఉంది, పుర్రెలకూ మగ్గానికీ పక్కన నవ్వుతూ పిసేయ్. వుతీ దానివైపు చూడకుండా తాళంచెవి పెట్టాడు కానీ తిప్పలేదు.

చెట్టు మీద లౌడ్‌స్పీకరులో పేర్లు వస్తూనే ఉన్నాయి. ఆచారి ఇందాకటిలా గబగబా చదవడం లేదు. ఒక పేరు చదివి ఆగుతున్నాడు. కాసేపు మైకులో గాలి చప్పుడు. తర్వాత ఇంకో పేరు. మళ్ళీ ఆగుతున్నాడు.